నాయన కుట్టిన పుస్తకం

మా రంగయ్య మామ నన్ను పొగడడం మొదలుపెడితే నాకు అక్కడి నుంచి లేచిపోవాలనిపిస్తుంది. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మొన్న కల్లూరులో కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. గోడలకు ఇంకా పచ్చి సున్నం వాసన, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, వీధి మొదట్లో షేర్ ఆటోలు దిగి నడిచివస్తున్న చుట్టాలు. వ్రతం అయింది గానీ భోజనాలకు ఇంకా విస్తళ్లు వేయలేదు. ఆ ఖాళీలో మామకు నేను దొరికాను. ఆయన మనవరాలు హారిక ఇంజనీరింగు మెకానికల్లో మూడో సంవత్సరానికి వచ్చింది. ఆ పిల్లను నా ముందు నిలబెట్టి, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేటట్టు ఎత్తుకున్నాడు.

"ఇదో పాపా, పుస్తకాల సంగతి ఈ శీనయ్యనడుగు. కంప్యూటరంటే మనకెవురికీ తెలీని రోజుల్లోనే ఇంట్లో ఉండే లావు పుస్తకాలన్నీ అమ్మేసి, చెల్లెలికి మొత్తం కంప్యూటర్లోనే కొనిచ్చినాడు. సగానికి సగం దుడ్లు మిగిలె! మా బావ నెత్తిన బరువు దించినాడప్పా మా అల్లుడు."

"ఆ వయసులో అంత తెలివి ఎవురికుంటాదిలే" అన్నాడు పక్క కుర్చీలోని పెద్దాయన.

"తెలివుండి ఏం జేసేది? అన్న అన్నీ అమర్చిపెడితే, మా కోడలు పిల్ల పరీక్షకు పుస్తకమే మర్చిపోయి పాయె!" అని మామ పెద్దగా నవ్వి, మా చెల్లెలు మాధవి వైపు తిరిగాడు. "అవునా కాదా అమ్మీ?"

మాధవి కాస్త దూరంలో చాప మీద కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. తల ఎత్తకుండానే, "అవును మామా, మర్చిపోయినా" అంది. ఏళ్ల తరబడి అన్న మాట కాబట్టి ఆమె నోట్లో దానికి బరువే లేదు. బరువంతా నాకే మిగిలింది. నేను డబ్బు మిగిల్చాననేది సగమే నిజం, ఆమె పుస్తకం మర్చిపోయిందనేది అసలే నిజం కాదు. రెండూ కలిపి పెళ్లిళ్లలోనూ పేరంటాలలోనూ ఒకే కథలాగా చెప్పుకుంటూ వచ్చారు. నేను తాంబూలం తీసుకున్నట్టు తీసుకుంటూ వచ్చాను.

కమలాపురంలో మా ఇల్లూ అంగడీ ఒకటే. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్య గుమ్మానికి గోనెపట్టా తెర. తెర ఎత్తగానే బెల్లం, ఎండుమిరపకాయలు, శనగనూనె అన్నీ కలిసిన వాసన ముక్కుకు తగిలేది. తినడం, చదవడం, పడుకోవడం అంతా ఆ వాసనలోనే. కాలేజీకి పోయేటప్పుడు నా చొక్కాలకు కూడా అదే వాసనని బస్సులో స్నేహితులు ఎగతాళి చేసేవాళ్లు. నాయన పొద్దున్నే అంగడి ముందు నీళ్లు చల్లి, తక్కెడకు పసుపు కుంకుమ పెట్టి, మొదటి బేరం అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ తర్వాత మాట్లాడడం ఆపేవాడు కాదు. ఏ వస్తువునైనా పారేయడం ఆయనకు చేతకాని పని. బస్తా విప్పితే దాని పురికొస తెగకుండా లాగి, ఉండచుట్టి మేకుకు తగిలించేవాడు. ఏడాది తిరిగిపోయిన క్యాలెండర్లను చదును చేసి పరుపు కింద పెట్టేవాడు. ఆ పురికొసా ఆ క్యాలెండర్లూ చివరికి మా పుస్తకాలకే చేరేవి.

అమావాస్య నాడు మధ్యాహ్నం నుంచి అంగడి మూత. ఆ పూట నాయన అట్టలు ఊడిన మా పుస్తకాలు కుట్టేవాడు. అమ్మ మైదాపిండితో జిగురు కాచి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలతుత్తం వేసేది. గోనెసంచుల మూతులు కుట్టే దబ్బనమే పుస్తకాలకూ వాడేవాడు. పురికొసను పోగులు విడదీసి, సన్నగా పేని, కొవ్వొత్తి ముక్కతో రుద్ది నున్నగా చేసేవాడు. పుస్తకం కదలకుండా మాధవి రెండు చేతులతో అదిమి పట్టుకుంటే, నేను దారం అందించేవాణ్ణి. కుట్టయ్యాక వెనక జిగురు పూసి, క్యాలెండరు కాగితం తొడిగి, మీద నల్లటి కడప రాయి పలక పెట్టేవాడు. తెల్లారేదాకా ఆ పలకను ఎవరూ కదిలించకూడదు. మాధవికి ఓపిక ఉండేది కాదు, పోయి పోయి దాని మీద చెయ్యి పెట్టి చూసేది. "ఇంగా ఆరలేదులే అమ్మీ. బువ్వ ఉడికిందో లేదో అని మూత తీసినట్ల ఊరికూరికే సూడాకు" అనేవాడు నాయన.

అట్లా కుట్టినవాటిలో నా డేటా బుక్ ఒకటి. మెషీన్ డిజైన్ అనే పరీక్షకు ఆ పుస్తకాన్ని హాల్లో పెట్టుకుని చూసి రాయనిస్తారు. పళ్లచక్రాలు, ఇరుసులు, బేరింగులు, వాటి కొలతలు, ఏది ఎంత బరువు మోస్తుంది, ఇవన్నీ పట్టికలుగా అందులో ఉంటాయి. ఎవరూ బట్టీ పట్టగలిగేవి కావు. ఆ పుస్తకం లేకుండా ఆ పరీక్ష రాయడమంటే తక్కెడ లేకుండా అంగట్లో కూర్చోవడమే. నాకు అది పరీక్షలో కావలసిన పుస్తకం, అంతే. మాధవికి అది బొమ్మల పుస్తకం. ఇంకా హైస్కూల్లో ఉండగానే అందులో పళ్లచక్రాల పేజీలు తిప్పుకుంటూ కూర్చునేది. వెనక వీధి పిండిమరలో పళ్లచక్రం విరిగితే ఆ పుస్తకం చంకలో పెట్టుకుని పోయి పళ్లు లెక్కబెట్టింది. మర నడిపే మస్తానయ్య అంగడికి వచ్చి, "సావుకారీ, మీ పాప నా మరను విప్పి మల్లా బిగించేట్టుండాదే" అని నాయనకు చెప్పి పోయాడు. ఆ మాట నాయన చాలా రోజులు చెప్పుకున్నాడు. మాధవి మెకానికలే చదువుతానని పట్టుబట్టినప్పుడు, ఆడపిల్లకు అదేం చదువని చుట్టాలు అంటున్నా ఆయన సరేనన్నాడు.

అప్పటికి నా చదువు అయిపోయి కర్నూల్లో, ఇదే కల్లూరులో, ఒక చిన్న ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తున్నాను. కొత్తగా లాప్‌టాప్ కొన్నాను. దానితో పాటు నాకు అన్నీ తెలుసుననే నమ్మకం కూడా వచ్చింది. ఆ ఏడు వానలు లేవు, అంగట్లో బేరాలు లేవు. ఇంజనీరింగు పుస్తకాలు వెబ్‌సైటులో ఫైళ్లుగా అమ్ముతున్నారని, అచ్చు పుస్తకం ధరలో సగం కూడా లేదని కనిపెట్టి, నేనేదో నిధి తవ్వినట్టు ఊరికి పోయి చెప్పాను.

"కంప్యూటర్లో అంటే, మన చేతికేమిస్తారప్పా?" అన్నాడు నాయన.

"చేతికేమియ్యరు నాయనా. అంతా దాండ్లోనే ఉంటాది. చూసుకుని చదువుకునేదే."

"మల్ల మనం దేన్ని కుట్టాల?"

ఆయన నవ్వుతూనే అడిగాడు. నేను నవ్వలేదు. "కుట్టే పనే లేదింక. ఇంట్లో ఉండే పాతయి గూడా అమ్మేస్తా. అన్నిట్లో కొత్త ఎడిషన్లు వచ్చేసినాయి. ఇవి చిత్తుకాగితాల కింద లెక్క."

మాధవి గుమ్మం దగ్గర గోనెపట్టా పట్టుకుని నిలబడి ఉంది. "అన్నా, ఆ డేటా బుక్..." అంది. "నీకు తెలీదు, ఊరుకో. దానికి గూడా ఫైలుండాది" అన్నాను. మేకుకు వేలాడుతున్న నాయన పురికొసతోనే పుస్తకాలన్నీ కట్టగట్టి, కడపలో పాత పుస్తకాల అంగట్లో వేసి వచ్చాను. డేటా బుక్ కూడా అందులోనే పోయింది.

ఫైళ్ల మీద నింద వేయడం నా ఉద్దేశం కాదు. మొదట్లో బాగానే జరిగింది. ఖర్చు నిజంగానే తగ్గింది. బొమ్మలు పెద్దవి చేసుకుని చూడొచ్చని మాధవి కూడా సంతోషపడింది. తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. కొన్న పుస్తకం రెండు కంప్యూటర్లలోనే తెరుచుకుంటుంది. ఒకటి నా దగ్గర, ఇంకొకటి మాధవి కోసం నేను ఇంట్లో పెట్టిన పాతది. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియదు. కరెంటు ఉన్నప్పుడు చదువుదామంటే అంగట్లో పని. ఒకనాడు ఇంట్లో కంప్యూటరు పాడైంది. బాగు చేయించి తెస్తే, అది మూడో కంప్యూటరు కింద లెక్కని ఫైలు తెరుచుకోలేదు. కంపెనీకి మెయిలు మీద మెయిలు రాశాను. ప్రతిసారీ ఒకటే జవాబు, మీ పరిమితి ముగిసింది అని. నేను డబ్బిచ్చి కొన్న పుస్తకాన్ని నా చెల్లెలు చదువుకోవడానికి ఎవరినో బతిమాలుకోవాలా అని ఒళ్లు మండేది. ఆ కోపం కూడా మాధవి మీదే చూపించేవాణ్ణి, నువ్వు సరిగ్గా వాడుకోవడం లేదని.

ఇంతలో మెషీన్ డిజైన్ పరీక్ష దగ్గరపడింది. మాధవి ఫోన్ చేసింది. "అన్నా, డేటా బుక్ లోపలికెట్ల తీస్కపోవాల? లాప్‌టాప్ రానియ్యరు గదా." అంత చిన్న సంగతి నాకు అప్పటిదాకా తోచలేదు. వెంటనే అచ్చు పుస్తకం ఒకటి కొనిచ్చి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ కొంటే నేను మిగిల్చింది ఏముంటుంది? అందరిలో చేసుకున్న గొప్ప ఏమవుతుంది? ఆ ఫైలు ప్రింటు తీయనివ్వదు. తెర మీద కనిపించే ఒక్కొక్క పేజీనీ బొమ్మగా దాచి, పాతబస్టాండు దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని అంతా ప్రింటు తీయించాను. దానికైన ఖర్చుతో కొత్త పుస్తకమే వచ్చేది. ఈ మాట మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ కాగితాల కట్ట చూడగానే నాయన ముఖం వెలిగిపోయింది. "ఏమప్పా, కుట్టే పనుండదంటివే!" అని వెక్కిరించి, అమావాస్య దాకా కూడా ఆగకుండా ఆ మధ్యాహ్నమే దబ్బనం తీశాడు. అన్ని కాగితాలు విడివిడిగా ఉంటే కుట్టడం కష్టం. కొంచెం కొంచెంగా విడదీసి, వేర్వేరుగా కుట్టి, అన్నిటినీ మళ్లీ ఒకదానితో ఒకటి అల్లాడు. మాధవి అదిమి పట్టుకుంది. అట్ట వేసి పలక పెట్టాక, ఇద్దరూ దాన్ని చంటిబిడ్డను చూసినట్టు చూస్తూ కూర్చున్నారు.

మాధవికి మాత్రం అనుమానం పోలేదు. నేను బయలుదేరేటప్పుడు వీధిదాకా వచ్చి, "సార్‌ను ఒక మాట అడుగుతా న్నా, ఇది రానిస్తారో లేదో" అంది.

"నేను రాసినప్పుడు గూడా నాయన కుట్టిందే తీస్కపోతి గదా? నన్ను రానియ్యలేదా? నువ్వు పోయి అడిగితేనే లేనిపోని అనుమానమొస్తాది వాళ్లకు. అడగాకు" అన్నాను.

అడగలేదు. నా పుస్తకం అచ్చు పుస్తకానికి నాయన వేసిన కుట్టు. ఇది వట్టి కాగితాలకు వేసిన కుట్టు. మా ఇంట్లో కుట్టిందల్లా పుస్తకమే కాబట్టి ఈ తేడా మాకెవరికీ కనబడలేదు. పరీక్ష హాల్లో మాస్టారికి కనబడింది. ఆ సాయంత్రం మాధవి బస్టాండు నుంచి ఫోన్ చేసి చెప్పింది. "'ఇది పుస్తకం కాదమ్మా, జిరాక్సులు కుట్టుకొచ్చినావు, మధ్యలో ఏం పెట్టి కుట్టినారో మాకేం తెల్సు' అని తీసి బల్ల మీద పెట్టేసినాడు న్నా. కుట్టు మాత్రం తిప్పి తిప్పి చూసినాడు. యాడ కుట్టిచ్చినావని గూడా అడిగినాడు." ఆయన తప్పేమీ లేదు. నియమం అది.

ఇంటికి పోయేసరికి నాయన అంగట్లోనే ఎదురుచూస్తున్నాడట. "ఏమమ్మీ, పుస్తకం పనికొచ్చిందా?" అని అడిగాడట. పుస్తకం భుజాన సంచిలోనే ఉంది. "ఇంట్లోనే మర్చిపోయి పోయినా నాయనా" అంది మాధవి. ఆయన తిట్టలేదు. "అంత అవస్థపడి కుడితి గదమ్మా" అని మాత్రం అన్నాడు. ఆ పరీక్ష తప్పింది. ఆ ఏడే పళ్లచక్రాలు తయారుచేసే కంపెనీ ఒకటి ఉద్యోగాలిస్తామని వాళ్ల కాలేజీకి వచ్చింది. పరీక్ష తప్పినవాళ్లను గదిలోకే పిలవలేదు. తర్వాత ఎవరి పుస్తకమో అడిగి తెచ్చుకుని రాసి పాసయింది గానీ, అటువంటి కంపెనీ మళ్లీ ఆ వైపు రాలేదు. ఇప్పుడు కడపలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తోంది. బాగా చెప్తుందని పేరు. కానీ పిండిమర పళ్లు లెక్కబెట్టిన పిల్ల అది.

"నాయనకు చెప్పాకు న్నా. తెలిస్తే చేతులు చూసుకుంటా కూర్చుంటాడు" అని ఆనాడు ఫోన్లో అంది. చెప్పనన్నాను. అడగగానే ఒప్పుకున్నాను, ఎందుకంటే అది నాకూ అనుకూలమే. ఆమె నాయన కోసం నోరు మూసుకుంది, నేను నా కోసం మూసుకున్నాను. చుట్టాల్లో నేను తెలివైనవాణ్ణయ్యాను, ఆమె మతిమరుపుదయింది. పోయినేడు నాయన పోయాడు. ఆ పుస్తకాన్ని హాల్లో తీసి పక్కన పెట్టేశారని ఆయనకు చివరిదాకా తెలియదు.

ఇదంతా మామ నవ్వుతున్నంతసేపూ నాలో తిరిగింది. భోజనాలకు కూర్చున్నాక ఇక ఆగలేకపోయాను. మామ ఓళిగలు వడ్డిస్తూ నా విస్తరి దగ్గరికి వచ్చినప్పుడు, "మామా, మాధవి పుస్తకం మర్చిపోలేదు" అని మొదలుపెట్టి, పంక్తి పంక్తంతా వింటుండగా మొత్తం చెప్పేశాను. పాత పుస్తకాలు అమ్మింది, ప్రింటు ఖర్చు, సార్‌ను అడగొద్దన్నది, నాయన కుట్టింది లోపలికి రానివ్వనిది, అన్నీ చెప్పాను. చేతులన్నీ విస్తళ్ల మీద ఆగాయి. మామ నన్ను ఒక క్షణం చూశాడు.

"సూసినారా!" అన్నాడు పంక్తికంతా. "చెల్లెల్ని ఒక మాటంటే ఓర్సుకోలేక తప్పంతా తన మీదేసుకుంటాండాడు. అన్నంటే ఇట్లుండాలప్పా!" అని నా ఓళిగ మీద ఇంకో గరిటె నెయ్యి పోశాడు. అందరూ అవునన్నారు. ఆ పెద్దాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు. నేను ఇంకా ఏదో అనబోతే, "తినులే అల్లుడా, సల్లారిపోతాది" అన్నారు. నిజం చెప్తే కూడా పొగడ్తే వస్తే మనిషి ఏం చేయాలి?

చేతులు కడుక్కునే చోట మాధవి నా కోసం నిలబడి ఉంది. సంతోషిస్తుందని అనుకున్నాను.

"ఎవుర్నడిగి చెప్పినావు?" అంది.

"ఇన్నేండ్లు నీ మీద అబద్ధం..."

"అది నేనేసుకున్నది. నీకెందుకు? నాయన కుట్టింది పనికిరాకపోయెనని ఇంతమందిలో చెప్తివే. నేను దాచింది అదొక్కటే."

"నాయన లేడు గదమ్మా ఇప్పుడు."

"లేడనేనా?" ఆమె గొంతు పెద్దది చేయలేదు. "పుస్తకాలు అమ్మేటప్పుడు నన్నడగలేదు. సార్‌ను అడుగుతానంటే అడగాకంటివి. ఇప్పుడు నువ్వు మంచోడు కావాలనిపిచ్చె, ఇప్పుడూ అడగలేదు."

అంతలో హారిక ఫోను పట్టుకుని వచ్చింది. "అత్తా, మరి నేనేం కొనాల? అంతా ఫైళ్లేనా, పుస్తకాలా?" మాధవి పైటతో చేయి తుడుచుకుని ఆ పిల్ల వైపు తిరిగింది. "మీ సార్‌ను అడిగినావా, లోపలికి ఏది రానిస్తారో? అడుగు ముందు. డేటా బుక్ మాత్రం అచ్చుదే కొను. మిగతాయన్నీ దీండ్లోనే కొనుక్కో, బరువు తగ్గుతాది, ఖర్చు తగ్గుతాది. కంప్యూటరేం పాపం చేసింది?" అంది. ఆ చివరి మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు.

ఇదంతా రాశాక, అచ్చుకు ఇచ్చే ముందు ఈసారి అడగాలనుకున్నాను. కాగితాలు తీసుకుని కడప పోయి మాధవి చేతికిచ్చాను. ఆమె బడి పిల్లల పేపర్లు దిద్దినట్టు, నిదానంగా, చేతిలో పెన్ను పట్టుకుని చదివింది. చదవడం అయ్యాక లోపలికి పోయి బీరువాలోంచి ఆ పుస్తకం తెచ్చింది. నాకు అది ఇంకా ఉన్నట్టే తెలియదు. పైన పాత క్యాలెండరు కాగితం, మైలతుత్తం కలిపిన జిగురు వాసన. తెరిస్తే, నేను నెట్ సెంటర్లో తీయించిన ప్రింటు సగానికి సగం వెలిసిపోయింది, పళ్లచక్రాల పట్టికల్లో అంకెలు కనబడడం లేదు. ఆ ఫైలు అమ్మిన వెబ్‌సైటు ఎప్పుడో మూతపడింది.

"వేసుకో. నేనొద్దనను" అంది. "కానీ నాయన కుట్టు పనికిరాలేదన్నట్టుండాది ఇందులో. పనికిరానిది నీ ప్రింటు. కుట్టు గురించి సరిగ్గా రాయి."

"ఏమని రాయాల?"

పుస్తకాన్ని వెన్ను పైకి వచ్చేట్టు తిప్పి నా ముందు పెట్టి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది, అమావాస్య మధ్యాహ్నాల్లో పట్టుకున్నట్టే.

"గుంజి సూడు" అంది.

పురికొస కొస వేలికి చుట్టుకుని గుంజాను. మళ్లీ గట్టిగా గుంజాను. ఒక్క పోగు కూడా కదల్లేదు.